పాత పైపు కొనేటప్పుడు: మెరిసేదా, మసి పట్టిందా?

కర్నూలు, ఆదోని, గుంతకల్లు వైపు పాత సామాన్ల అంగళ్లలో పొగాకు పైపు దొరకడం అరుదు. దొరికినా రెండు అవతారాల్లో ఉంటుంది. ఒకటి, అంగడాయన నూనె పూసి, తుడిచి, అద్దాల బీరువాలో నిలబెట్టినది. ఇంకొకటి ఇత్తడి చెంబుల కింద, ఆగిపోయిన గోడగడియారాల పక్కన పడి ఉంటుంది. దాని గిన్నె సగం మసితో పూడిపోయి, కాడ పసుపూ ఆకుపచ్చా కలిసిన మురికి రంగుకు తిరిగి ఉంటుంది. రెండింటి ధర ఒకటే అయితే రెండోదే తీసుకోండి. మసి, జిగురు, వాసన పోతాయి, కాడను మార్చుకోవచ్చు. కాలిపోయిన చెక్క మాత్రం తిరిగి రాదు. మెరుగు పెట్టిన పైపులో ఆ కాలిన చోటు రంగు కింద దాక్కుని ఉండొచ్చు. మసి పట్టిన పైపులో ఏముందో గంటసేపు గీకితే తెలిసిపోతుంది, దాన్ని ఎవరూ ముందుగా దాచి ఉండరు.

ముందు పేర్లు చెప్పుకుందాం. పొగాకు వేసేది గిన్నె. గిన్నె నుంచి బయటికి వచ్చే చెక్క భాగం మెడ. మెడలోకి దిగి, నోటిదాకా పోయే నల్లటి భాగం కాడ. లోపల పొగ నడిచే సన్నని రంధ్రం పొగదారి, సుమారు 3.5 నుంచి 4 మిల్లీమీటర్లు. ఈ నాలుగింటిలో డబ్బు పెట్టాల్సింది గిన్నెకు, మెడకు మాత్రమే.

ఏ పదార్థం పైపు కొనాలన్నది మొదటి ప్రశ్న. బాగుచేయడం నేర్చుకోవాలంటే బ్రయర్‌ను మించింది లేదు. ఇది మధ్యధరా తీరంలో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొద మొదట్లో, వేళ్ల దగ్గర గడ్డలా ఊరిన కలప. దాన్ని గంటల తరబడి ఉడికించి, నెలల తరబడి ఆరబెట్టి పైపు చెక్కుతారు. అందుకే నిప్పును తట్టుకుంటుంది, గీకినా, రుద్దినా, స్పిరిట్ పోసినా ఓర్చుకుంటుంది. తప్పు చేసినా సరిదిద్దుకునే వీలుంటుంది.

మీర్‌షామ్ అలా కాదు. అది సెపియోలైట్ అనే తెల్లటి, తేలికైన ఖనిజం, మేలైనది టర్కీలోని ఎస్కిషెహిర్ నుంచి వస్తుంది. వాడేకొద్దీ మైనాన్నీ పొగనూనెల్నీ పీల్చుకుని తేనెరంగుకు, ఆ తర్వాత ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ రంగే దాని విలువ. పాత సామాన్ల అంగడిలో దాన్ని చింతపండుతో తోమిన ఇత్తడిలా తెల్లగా చేసి పెట్టారంటే విలువ అక్కడే పోయింది, బాగుచేయడానికి ఇంకేమీ మిగల్లేదు. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. బలపపు రాయితో చెక్కిన తెల్లటి పైపును కూడా మీర్‌షామ్ అనేస్తారు. చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది. బలపపు రాయి బరువుగా, చల్లగా, జారినట్టు ఉంటుంది. మీర్‌షామ్ చూసిన పరిమాణానికి మరీ తేలిక, చల్లదనం తగలదు. మొదటి పైపుగా మీర్‌షామ్ వద్దు. నాలుగైదు బ్రయర్లు చేశాక చూడండి.

మట్టి పైపులు బీరువాలో పెట్టుకోడానికే. వాటికి చేయదగ్గ బాగుచేత పెద్దగా ఉండదు, చేయి జారితే ముక్కలే. రోజ్‌వుడ్ మీద ఏనుగులు, లతలు చెక్కి షోకేసు కోసం అమ్మే పైపుల్ని పాతవని నమ్మొద్దు. ఆ చెక్క బ్రయర్‌లా నిప్పును తట్టుకోదు.

ఫాల్కన్ అనే రకం ఒకటి ఉంది, దాని గురించి కొంచెం చెప్పాలి. అల్యూమినియం కాడ మీద గిన్నెను మరమేకులా తిప్పి బిగించేలా ఉంటుంది. గిన్నె కాలిపోతే అదే మర ఉన్న ఇంకో గిన్నె బిగించుకోవచ్చు. చూడ్డానికి సైకిల్ పంపు సామానులా ఉంటుందని సేకరించేవాళ్లు చిన్నచూపు చూస్తారు గానీ, మొదటిసారి చేయి పెట్టేవాళ్లకు ఇది మంచి పైపు. కొనే ముందు ఒక్కటే చూడాలి: గిన్నె చివరిదాకా సాఫీగా తిరుగుతోందా లేదా. మర అరిగి ఉంటే కొత్త గిన్నె వచ్చినా లాభం లేదు. నోటి దగ్గరి ప్లాస్టిక్ ముక్క పళ్లగాట్లతో తినేసి ఉంటే దాన్ని బాగుచేయలేరు, ధర తగ్గించమని అడగడానికి మాత్రం పనికొస్తుంది.

"మన్రో దొర కాలం నాటిది" అనే మాట ఈ జిల్లాల్లో ఏ పాత సామానుకైనా తగిలిస్తారు. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరు, 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. బ్రయర్ పైపుల తయారీ ఫ్రాన్స్‌లోని సాంక్లోద్ ఊళ్లో నిలదొక్కుకున్నది 1850ల్లో. గట్టిరబ్బరు కాడలకు మూలమైన వల్కనీకరణ పద్ధతికి గుడ్‌ఇయర్ అమెరికాలో పేటెంటు పొందింది 1844లో. కాబట్టి బ్రయర్ గిన్నె, నల్లరబ్బరు కాడ ఉన్న పైపును మన్రో చూసి ఉండే వీల్లేదు. బేరంలో ఈ మాట అనకపోయినా పర్వాలేదు, మనసులో ఉంచుకుంటే చాలు, కథకు డబ్బు కట్టరు.

కాలం తెలుసుకోడానికి మెడ మీది ముద్రలు చదవాలి. మెడను దీపానికి పక్కగా పట్టి, ఏటవాలు వెలుగులో భూతద్దంతో చూస్తే అరిగిన అక్షరాలూ కనబడతాయి. ఉదాహరణకు డబ్లిన్‌కు చెందిన పీటర్సన్ పైపు మీద 'రిపబ్లిక్ ఆఫ్ ఐర్లండ్' అని ఉంటే అది 1949 తర్వాతిదే, ఆ దేశం ఆ పేరుతో రిపబ్లిక్ అయింది అప్పుడే. డన్‌హిల్ అనే ఇంగ్లండు కంపెనీ పైపుకు కాడ పైభాగంలో తెల్లచుక్క గుర్తు. కానీ ఆ చుక్క ఉన్నది కాడ మీద, కాడ ఎప్పుడైనా మారుతుంది. చుక్కకూ మెడ మీది ముద్రకూ పొత్తు కుదిరితేనే ఆ పేరుకు ధర కట్టండి.

మెడకు వెండి పట్టీ ఉంటే దాని మీది గుర్తుల్ని వరసగా చూడండి. నడిచే సింహం ఉంటే ఇంగ్లండు స్టెర్లింగ్ వెండి, అంటే వెయ్యికి 925 పాళ్లు. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించింది. చిన్న గళ్లలో 'ఈ', 'పీ' అని ఉంటే అది వెండిపూత మాత్రమే, అలాంటి గుర్తుల్ని దూరం నుంచి హాల్‌మార్క్‌లా కనిపించేట్టు కొట్టేవాళ్లు. అనుమానం ఉంటే కంసాలి దగ్గర చూపించండి, కానీ పట్టీని గీటురాయి మీద గీయనివ్వొద్దు. కాడ ఏనుగు దంతంతో చేసిందని చెబితే ఆ బేరం అక్కడే వదిలేయండి. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, పాతదైనా దంతం కొనుగోలు మెడకు చుట్టుకునే వ్యవహారం.

ఇక అంగట్లో నిలబడి చేయాల్సిన పరీక్ష. ఫోను టార్చి వేసి గిన్నె లోపల చూడండి. లోపలి గోడలో సాలెగూడులాంటి సన్నని గీతలుంటే భయం లేదు. ఒకచోట గుంటపడి, అదే చోట బయటివైపు నల్లటి మచ్చ ఉంటే గోడ కాలిపోతున్నట్టు, వదిలేయండి. ఆ మచ్చను గోటితో నొక్కితే మెత్తగా తగులుతుంది. గిన్నె అంచు మీద నల్లగా ఉన్నదంతా కాలినది కాదు. చాలాసార్లు అది గట్టిపడిన పొగజిగురు. తడి గుడ్డతో ఒక మూల రుద్దితే గోధుమరంగు దిగుతుంది. కాలిన చెక్కైతే బొగ్గులా నల్లగా రాలుతుంది, అంచు ఆకారం కూడా అక్కడ లోపలికి తగ్గి ఉంటుంది.

తర్వాత మెడ. కాడ దిగే చోట మెడ అంచులో సన్నని పగులు ఉండటం మామూలే, తడిసి ఆరి తడిసి ఆరి అలా అవుతుంది. దాన్ని బాగుచేయొచ్చు. పగులు ముగిసే చోట 1 మిల్లీమీటరు రంధ్రం వేసి, పల్చటి సూపర్‌గ్లూ దించి, పైన సన్నని ఇత్తడి లేదా వెండి పట్టీ ఎక్కిస్తే నిలబడుతుంది. రంధ్రం వేయకుండా గ్లూ పోస్తే పగులు మళ్లీ ముందుకు పాకుతుంది. మెడ పగులు ఉన్న పైపు సగం ధరకు వస్తే తీసుకోవచ్చు. గిన్నె గోడను లోపలి నుంచి బయటికి చీల్చిన పగులుంటే ఊరికే ఇచ్చినా వద్దు.

కాడ ఎబొనైట్‌దా, యాక్రిలిక్‌దా అన్నది కూడా అక్కడే తేల్చుకోవాలి, ఎందుకంటే రెండింటి పని పూర్తిగా వేరు. ఎబొనైట్ అంటే గంధకం ఎక్కువ కలిపిన గట్టిరబ్బరు. వెలుగు, వేడి తగిలేకొద్దీ పైపొరలోని గంధకం బయటపడి కాడ గోధుమ, ఆకుపచ్చ రంగులకు తిరుగుతుంది, నోటికి చేదుగా ఉంటుంది. ఎండ తగిలే కిటికీ పక్క బీరువాలో పెట్టిన కాడలు మన ఎండలకు మరీ త్వరగా పాడవుతాయి. బొటనవేలితో గట్టిగా పది సెకన్లు రుద్ది వాసన చూడండి, గంధకం వాసన వస్తే ఎబొనైటే. యాక్రిలిక్ రంగు మారదు, గోటితో తడితే ఖణఖణమంటుంది. దాని మీది పళ్లగాట్లు వేడికి లేవవు, పూడ్చి అరగదీయాల్సిందే. పైగా స్పిరిట్‌లో నానబెడితే పైన సన్నని బీటలు పడతాయి. చూపుకు యాక్రిలిక్ శుభ్రంగా కనబడినా, బాగుచేసే చేతికి ఎబొనైట్ దయగలది. గాట్లు వేడికి తామే పైకి లేస్తాయి, వంపు సరిచేయొచ్చు, రుద్దితే నల్లగా నిగనిగలాడుతుంది.

ఎక్కడ కొనాలన్న మాట ఒక్కటి చెప్పి పనిలోకి పోదాం. అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాదు, రెండూ దగ్గర దగ్గర రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి బజార్లలో సరుకు ఎక్కువ, అమ్మేవాళ్లకు పేర్లు తెలుసు కాబట్టి ధరా ఎక్కువే. ఇక్కడి అంగట్లో ఏడాదికి ఒకటో రెండో వస్తాయి, కానీ చేతిలో పట్టుకుని టార్చి వేసి చూసే అవకాశం ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొంటే ఆ అవకాశమే పోతుంది. అలా కొనక తప్పకపోతే గిన్నె లోపలి ఫొటో, కాడ తీసేసిన మెడ చివరి ఫొటో, ఈ రెండూ అడగండి. పంపనంటే కొనకండి. మెరిసే ముందుభాగం ఫొటోలు పది పంపినా వాటితో తేలేది ఏమీ లేదు.

ఇంటికి తెచ్చాక చాలామంది చేసే మొదటి తప్పు కాడను బలంగా తిప్పడం. ఏళ్ల జిగురు పట్టి బిగుసుకున్న కాడ మెడలోనే విరుగుతుంది. పైపును ప్లాస్టిక్ కవరులో చుట్టి డీప్‌ఫ్రిజ్‌లో 30 నిమిషాలు పెట్టండి. చెక్క, రబ్బరు ఒకే తీరుగా కుంచించుకోవు కాబట్టి పట్టు సడలుతుంది. బయటికి తీసి, గిన్నెను కాక మెడను పట్టుకుని, కాడను ఒకే వైపుకు మెల్లగా తిప్పుతూ లాగాలి. రాకపోతే మళ్లీ ఫ్రిజ్‌లోకి. అదీ కాకపోతే పొగదారిలో నాలుగు చుక్కల స్పిరిట్ వేసి రాత్రంతా నిలబెట్టండి.

మసి గీకడం రెండు విధాలు: కత్తితో, లేదా గరుకు కాగితంతో. పదునైన మొన ఉన్న కత్తి గిన్నె అడుగున పొగదారి నోటిని చెక్కేస్తుంది, తర్వాత పైపు సరిగా లాగదు. మొన గుండ్రంగా అరగదీసిన పాత చాకుతో పైపొర తీసి, మిగతాది పుల్లకు చుట్టిన 80 నంబరు కాగితంతో, చివర 220తో రుద్దండి. గిన్నె లోపలి వెడల్పు సాధారణంగా 19, 20 మిల్లీమీటర్లు, పుల్ల 15 ఉంటే చాలు. ఎంత ఉంచాలి? వాడే పైపుకు 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల పొర మంచిది, చెక్కకు కవచం. అంతకన్నా మందమైతే వేడికి మసి చెక్క కంటే ఎక్కువ వ్యాకోచించి గిన్నెను లోపలి నుంచి పగలగొడుతుంది. కొత్తగా కొన్న పాత పైపుకు మాత్రం ఒక్కసారి చెక్కదాకా తీసేయడమే మేలు, కాలిన చోట్లు అప్పుడే తేలుతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ పొడి మంచిది కాదు. పొగాకు హాని సంగతి వేరే చెప్పక్కర్లేదు. సేకరణకే కొనేవాళ్లకూ ఈ పని తప్పదు, మసిలో పురుగు, బూజు చేరతాయి.

పొగదారికి పైపు క్లీనర్లు మన ఊళ్లలో దొరకవు. స్టేషనరీ అంగడిలో బొమ్మలు చేయడానికి అమ్మే రంగురంగుల మెత్తటి తీగలు అలాగే కనబడతాయి గానీ వాటి నూగు సింథటిక్, ఊడి లోపల చిక్కుకుంటుంది. సన్నని బైండింగు తీగను మధ్యకు మడిచి, మడత కొనను లోపలికి పోనిచ్చేలా ఉంచి, దాని చుట్టూ దేవుడి దీపానికి చేసే దూది వత్తిని పురి పెట్టండి. స్పిరిట్‌లో ముంచి లాగితే మొదటి పది తారులా నల్లగా వస్తాయి. తెల్లగా వచ్చేదాకా మానొద్దు, ఇరవై ముప్పై పట్టడం మామూలే.

ఏ స్పిరిట్ అన్నది ముఖ్యమైన ఎంపిక. సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్లు బోర్డులు తుడవడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతానిది, అన్నిటికన్నా మేలు, మిగలకుండా ఆవిరైపోతుంది. శానిటైజర్ వద్దు, దాంట్లో గ్లిజరిన్, సువాసన ఉంటాయి, చెక్కలో జిడ్డుగా మిగులుతాయి. పెయింటు అంగట్లో లక్క పాలిష్‌కు అమ్మే స్పిరిట్‌లో విషమైన మిథనాల్ కలిపి ఉండొచ్చు, నోట్లో పెట్టుకునే వస్తువుకు అది పనికిరాదు. ఏది వాడినా పొయ్యి, దీపం దగ్గర్లో ఉండకూడదు.

పాత పొగాకు వాసన పోవడానికి గిన్నెలో ఉప్పు నింపి స్పిరిట్ పోయడం పాత పద్ధతి, దూది పెట్టడం ఇంకొకటి. ఉప్పు బాగా పీలుస్తుంది, కానీ పొగదారిలోకి దిగి గట్టిపడితే తీయడం కష్టం, మెడ దగ్గర మిగిలిన ఉప్పు తేమ లాగుతూ ఉంటుంది. దూదే వాడండి. మెడలోకి పురిపెట్టిన పొడవు వత్తి దూర్చి, గిన్నెను దూదితో వదులుగా నింపి, సూది తీసేసిన సిరంజితో 7, 8 మిల్లీలీటర్లు మెల్లగా పోయండి. అంచుకు అర అంగుళం కిందే ఆపాలి, బయటికి పొంగితే మెడ మీది రంగు కారి మచ్చలు పడతాయి. రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి దూది టీ డికాషన్ రంగులో ఉంటుంది. రంగు తగ్గేదాకా రెండు మూడు రాత్రులు చేయండి. ఆరబెట్టడం నీడలో, రెండు రోజులు. మే నెల ఎండలో గంటలో ఆరుతుంది కదా అని మిద్దె మీద పెడితే ఒకవైపు త్వరగా ఎండి చెక్క చీలుతుంది.

కాడ ఎబొనైట్ అయితే ఆక్సిజన్ బ్లీచ్ పొడి, అంటే సోడియం పర్‌కార్బొనేట్, 200 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా కలిపి రెండు మూడు గంటలు నానబెట్టండి. బట్టలకు వాడే ఘాటు బ్లీచు కూడా పచ్చదనాన్ని తీస్తుంది, కానీ పైపొరను గుంటలు గుంటలుగా తినేస్తుంది. ఆ తర్వాత రుద్దే పని మూడింతలవుతుంది. కాడ మీద ముద్ర ఉంటే ముందు దాని మీద వాసెలిన్ పూయండి. నానాక పైపొర మెత్తబడి బూడిదరంగుకు వస్తుంది. అప్పుడు కార్ల పెయింటింగ్ షాపుల్లో వాడే వాటర్ పేపర్‌తో నీళ్లు తడుపుతూ 600, 800, 1000, 1500, 2000 నంబర్లు వరసగా రుద్దాలి. ఒక నంబరు దాటవేస్తే ఆ గీతలు చివరి మెరుగులో బయటపడి, మళ్లీ మొదటికి రావాలి. మెడకు ఆనే కాడ అంచును రుద్దేటప్పుడు మధ్యలో పాత ఏటీఎం కార్డు నుంచి కత్తిరించిన వాషర్ ఒకటి పెట్టండి. లేకపోతే ఆ అంచు గుండ్రబడి, కలిపినప్పుడు మెడకూ కాడకూ మధ్య గీత తెరుచుకుంటుంది. అమ్మేవాడు మెరుగు పెట్టిన పైపును గుర్తుపట్టాలంటే మొదట చూడాల్సిన చోటు కూడా ఇదే.

పళ్లగాట్లకు కాడను మరిగే నీళ్లలో మొత్తంగా ముంచొద్దు. వంగిన కాడైతే పుట్టినప్పటి నేరు ఆకారానికి తిరిగిపోతుంది. లైటర్ మంటకు రెండు అంగుళాల పైన గాటు ఉన్న చోటును మూడు సెకన్లు ఆడించి తీయండి, మళ్లీ మళ్లీ చేయండి. అంతకీ లేవని లోతు గాట్లను బొగ్గుపొడి కలిపిన సూపర్‌గ్లూతో పూడ్చి, మరుసటి రోజు అరగదీయాలి.

చివర మైనం. నల్లమల తేనెతో పాటు దొరికే తేనెమైనం చవక, శుద్ధమైనది కూడా, కానీ బ్రయర్‌కు పూయడానికి సరిపోదు. అది 62, 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన వేసవిలో మూసి ఉంచిన కారులోనే జిడ్డుగా మారి దుమ్ము పట్టుకుంటుంది. బ్రెజిల్ తాటి ఆకుల కార్నౌబా మైనం 82 నుంచి 86 డిగ్రీలకు గానీ కరగదు, గిన్నె వేడెక్కినా పొర నిలుస్తుంది. తక్కువ వేగంలో తిరిగే డ్రిల్లుకు నూలుగుడ్డ చక్రం తగిలించి కొద్దిగా అద్దాలి. కార్ల కోసం అమ్మే కార్నౌబా క్రీముల్లో సిలికోన్ ఉండొచ్చు, డబ్బా మీద చదివి చూడండి. గరుకుగా చెక్కినట్టున్న పైపులకు చక్రం వద్దు, మైనం గుంటల్లో తెల్లగా పేరుకుంటుంది, బూటు బ్రష్షు చాలు. తేనెమైనాన్ని మాత్రం పారేయకండి, మీర్‌షామ్‌కు పూసేది సరిగ్గా అదే. మీర్‌షామ్‌ను స్పిరిట్‌తో తడపకూడదు, కత్తితో గీకకూడదు. పొడి దూదితో, 220 కాగితంతో మసి తీసి, పైన కరిగించిన తేనెమైనం మెత్తటి కుంచెతో పూసి, చల్లారాక గుడ్డతో రుద్దాలి.